నొప్పికి ద్వారపాలకుడు

కాలికి దెబ్బ లేదు, వాపు లేదు, పుండు లేదు. అయినా రాత్రి రెండు గంటలకు నడుం మొదలు మడమదాకా నిప్పుతీగ లాగినట్లుంటుంది. దుప్పటి అంచు తగిలినా మంటే. ఇంట్లోవాళ్లు మొదట జాలిపడతారు, తర్వాత తైలాలు రాస్తారు, ఆర్నెల్లు పోయాక "అంతా నీ మనసులోనే వుంది" అనడం మొదలుపెడతారు. నరాల నొప్పి పడేవారికి నొప్పికంటే ఈ మాట ఎక్కువ కష్టం.

దెబ్బ తగిలినప్పటి నొప్పి కాపలాకుక్క అరుపువంటిది. దొంగ పోగానే ఆగుతుంది. నరమే చెడినప్పుడు దొంగ లేకపోయినా కుక్క అరుస్తూనే వుంటుంది. వెన్నుకు ఆపరేషన్ అయినా తగ్గని కాలినొప్పి, మధుమేహంవల్ల పాదాలలో పుట్టే మంట ఈ జాతివే. మామూలు నొప్పి మాత్రలకు ఇవి అంతగా లొంగవు.

గడప తగిలి కాలివేలు నొప్పిపుడితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం. ఎవరు నేర్పారు? రుద్దితే ఎందుకు హాయి? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు దీనికొక సమాధానం చెప్పారు. వెన్నుపాములో ద్వారంవంటిది ఒకటి వున్నదనీ, స్పర్శను మోసే లావు నరాలు పనిచేస్తే అది మూసుకుని, సన్ననరాలు తెచ్చే నొప్పి కబురును పైకి పోనివ్వదనీ వారి సిద్ధాంతం. తర్వాత దానికి సవరణలు చాలా వచ్చాయి. కాని 1967లోనే అమెరికాలో డాక్టర్ నార్మన్ షీలీ ఆ ఆధారంతో ఒక రోగి వెన్నుపాము దగ్గర విద్యుత్ తీగ అమర్చారు. (ఒకటో శతాబ్దంలోనే రోములో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికి కరెంటు చేపను తలకు ఆనించమన్నాడు. పాపం, ఆ చేపకు స్విచ్ లేదు!)

నేటి యంత్రంలో సన్నని తీగ వెన్నుపాము పైపొరకు వెలుపల వుంటుంది. ఇంచుమించు అగ్గిపెట్టెంత బ్యాటరీని పిరుదు పైభాగాన చర్మం కింద పెడతారు. ముందు సుమారు వారం రోజులు తీగ మాత్రమే లోపల వుంచి, యంత్రాన్ని బయట నడుముకు కట్టి చూస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే ఆపరేషన్. ఈ పెళ్లిచూపుల ఏర్పాటు నాకు బాగా నచ్చింది. ఖర్చు లక్షలలో వుంటుంది కనుక, ఈ వారంలో నడకనూ నిద్రనూ రోజూ కాగితంమీద రాసుకోకుండా ఏ కుటుంబమూ డబ్బు కట్టకూడదు.

అమీర్‌పేటలో వుండే మా వదిన ఈ యంత్రంతోనే కాలం గడుపుతున్నది. మొదటి నెలన్నర వంగకూడదు, నడుం తిప్పకూడదు, అటకమీది డబ్బా అందుకోకూడదు. తీగ జరిగితే మళ్లీ మొదటికే. వాకిట్లో ముగ్గు ఆ నెలన్నరా మా పెద్దమ్మే పెట్టింది. కోడలికి నిజంగా నొప్పి వున్నదని ఆవిడ నమ్మింది అప్పుడే!

వారానికి రెండుసార్లు నడుముకు పటకా కట్టుకుని, సీరియల్ చదువుకుంటూ బ్యాటరీ చార్జి చేసుకుంటుంది. పడుకుంటే జివజివ ఎక్కువ, నిలబడితే తక్కువ. రిమోట్‌తో సర్దుకోవాలి. డాక్టరును చూడడానికి పంజాగుట్టకు మెట్రోలో ఒకే స్టేషను. 2018లో రైలు వచ్చాక ప్రయాణం సుఖమైంది కాని, లోహాన్ని పట్టే తనిఖీ ద్వారం ఆవిడకు పడదు. కార్డు చూపించి చేత్తో తనిఖీ చేయమంటుంది. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. ఒకసారి ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో అడగకుండానే డయాథర్మీ పెట్టబోయారు. వదినే చెయ్యి అడ్డుపెట్టింది. ఆ వేడికి తీగ కాగి నరాలకు హాని కలగవచ్చు. ఎమ్మారై తీసేముందూ తప్పక చెప్పాలి.

తగ్గిందా అని అడిగాను. "పోలేదయ్యా, పక్కగదిలోకి వెళ్లింది. తలుపు తీస్తే వినిపిస్తుంది" అన్నది. కొందరిలో కొన్నేళ్లకు గుణం తగ్గుతుందనీ, చీము పడితే తీసేయవలసి వస్తుందనీ ఆవిడకు తెలుసు. పదేళ్లో ఎంతో పోయాక బ్యాటరీ మార్చాలి. ఆ ఖర్చుకోసం ఇప్పటినుంచే పోస్టాఫీసులో నెలనెలా కడుతున్నది.