డీవీడీ లేకుండా సర్వర్ ఇన్‌స్టలేషన్

డేటా సెంటర్‌లోని సర్వర్లకు సాధారణంగా డీవీడీ డ్రైవు ఉండదు, మానిటరూ కీబోర్డూ తగిలించి ఉండవు. అయినా ర్యాక్‌లోకి ఎక్కిన ప్రతి సర్వర్‌లోనూ ఎవరో ఒకరు ఆపరేటింగ్ సిస్టమ్ వేయాల్సిందే. ఢిల్లీ చుట్టుపక్కల ఈ పనికి దూరం కూడా తోడవుతుంది. 2022 అక్టోబరులో మొదలైన యోట్టా డీ1 డేటా సెంటర్ గ్రేటర్ నోయిడాలో ఉంది. హైదరాబాద్ కంపెనీ కంట్రోల్‌ఎస్‌కూ నోయిడాలో డేటా సెంటర్ ఉంది. ఇలాంటి చోట్ల ఉండే యంత్రాలను చూసుకునే ఇంజనీర్లు గురుగ్రామ్‌లోనో, హైదరాబాద్‌లోనో కూర్చుని ఉంటారు. జనవరి పొగమంచులో ఒక్క డిస్కు పెట్టడానికి గురుగ్రామ్ నుంచి గ్రేటర్ నోయిడా దాకా కారు వేసుకుని వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు.

ఈ ఇబ్బందిని తీర్చేది సర్వర్ మదర్‌బోర్డు మీదే ఉండే ఇంకో చిన్న కంప్యూటర్. దాని పేరు బీఎంసీ. డెల్ దీన్ని ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐఎల్ఓ అంటుంది. సూపర్‌మైక్రో వాడేవాళ్లు మామూలుగా ఐపీఎంఐ అనేస్తారు. నిజానికి ఐపీఎంఐ అనేది ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి 1998లో తెచ్చిన ప్రమాణం. సర్వర్ ఆపేసి ఉన్నా, కరెంటు కేబుల్ తగిలించి ఉన్నంతసేపూ బీఎంసీ మేలుకునే ఉంటుంది. చాలా సర్వర్లలో దానికి సొంత నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది. బ్రౌజర్‌లో దాని చిరునామా కొడితే సర్వర్ తెర కనిపిస్తుంది, పవర్ బటన్ కూడా చేతికొస్తుంది. వీటికి మించి, బీఎంసీ ఒక ఐఎస్ఓ ఫైలును చూపించి, అది యూఎస్‌బీకి తగిలించిన డీవీడీ డ్రైవే అని సర్వర్‌ను నమ్మించగలదు. దీన్నే వర్చువల్ మీడియా అంటారు.

ఆ ఐఎస్ఓ ఎక్కడుంది అన్నదాని మీదే పని వేగం ఆధారపడి ఉంటుంది. ఇంజనీర్ లాప్‌టాప్‌లో ఉంటే, ఇన్‌స్టాలర్ అడిగే ప్రతి ముక్కా ఇంటి ఇంటర్నెట్ మీదుగా, వీపీఎన్ దాటి నోయిడా చేరాలి. సెకనుకు 10 మెగాబిట్ల లైను మీద 2.6 గిగాబైట్ల ఐఎస్ఓ మొత్తం కదలాలంటే, లెక్క ప్రకారమే అరగంటకు పైగా పడుతుంది. మధ్యలో ఒక్కసారి వైఫై తెగితే డీవీడీ మాయమైనట్టే, ఇన్‌స్టలేషన్ అక్కడితో ఆగిపోతుంది. అదే ఫైలు డేటా సెంటర్‌లోనే ఇంకో యంత్రం మీద షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటే, బీఎంసీ నేరుగా అక్కడి నుంచే చదువుకుంటుంది. ఇంజనీర్ లైను మీద నడిచేది తెర బొమ్మా, కీబోర్డు తట్టులూ మాత్రమే. పెద్ద ఫైలును ముందే ఒకసారి అక్కడికి చేర్చి పెట్టుకోవడం తెలివైన పని. వందల సర్వర్లకు ఒకేసారి వేయాలంటే పీఎక్స్ఈ నెట్‌వర్క్ బూటే మేలు. నాలుగైదు సర్వర్ల కోసం దానికి కావాల్సిన డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ సర్వర్లు నిలబెట్టడం మాత్రం దండగ.

బీఎంసీలోని వర్చువల్ మీడియా ఫారంలో పెద్దగా గడులు ఉండవు: షేర్ ఉన్న యంత్రం ఐపీ చిరునామా, ఫైలు దారి, యూజర్ పేరు, పాస్‌వర్డ్. సేవ్ చేసి మౌంట్ నొక్కాలి. తర్వాత సర్వర్‌ను రీబూట్ చేసి ఎఫ్11 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. పైన చెప్పిన మూడు కంపెనీల కొత్త సర్వర్లలోనూ కీ ఇదే. అందులో వర్చువల్ డీవీడీని ఎంచుకోవాలి.

పని ఎక్కువగా ఆగేది మౌంట్ దగ్గరే. ఫైలు పేరులో ఖాళీ జాగా ఉన్నా, పాస్‌వర్డ్‌లో విచిత్రమైన గుర్తులున్నా కొన్ని బీఎంసీలు మొరాయిస్తాయి. ఇవి చిన్న చిక్కులు. అన్నీ సరిగ్గా ఉన్నా మౌంట్ కాకపోతే అనుమానించాల్సింది ఎస్ఎంబీ1ని. విండోస్ షేరింగ్‌లో ఇది పాతకాలపు ప్రోటోకాల్. 2017 మేలో ప్రపంచమంతా పాకి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకిన వానాక్రై రాన్సమ్‌వేర్, దీనిలోని లోపాన్నే పట్టుకుని వ్యాపించింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేసింది. లినక్స్‌లో ఫైల్ షేరింగ్‌కు వాడే సాంబా కూడా 2019లో 4.11 వెర్షన్ నుంచి దీన్ని డిఫాల్టుగా ఆపేసింది. పాత ఫర్మ్‌వేర్‌తో నడిచే బీఎంసీల్లో కొన్నింటికి మాత్రం ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి రాదు. షేర్ సర్వర్ మాట్లాడనంటుంది, బీఎంసీ అసలు కారణం చెప్పకుండా మౌంట్ విఫలమైందని ఊరుకుంటుంది.

మొదటి మందు బీఎంసీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్. ఎన్ఎఫ్ఎస్ గానీ హెచ్‌టీటీపీ గానీ పనిచేసే మోడల్ అయితే ఫైలును ఆ దారిన అందించవచ్చు. కంపెనీ ప్రధాన ఫైల్ సర్వర్ మీద ఎస్ఎంబీ1 తెరవడం మాత్రం తలుపు తీసి దొంగను పిలవడమే. గత్యంతరం లేకపోతే, మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోపలే ఓ చిన్న యంత్రం మీద దాన్ని తెరిచి, పని కాగానే మూసేయాలి.

ఇన్‌స్టాలర్ మొదలయ్యాక మామూలు డీవీడీతో చేసే పనే. విండోస్ సర్వర్‌కు డిస్కులు కనిపించకపోతే రెయిడ్ కంట్రోలర్ డ్రైవర్‌ను ఇంకో ఐఎస్ఓగా ఇదే దారిలో అందించవచ్చు. ఫైళ్ల కాపీ మధ్యలో చదవలేకపోయానంటే సర్వర్‌ను తిట్టే ముందు ఐఎస్ఓ షా256 చెక్‌సమ్‌ను డౌన్‌లోడ్ పేజీలోని దానితో పోల్చి చూడాలి. ఫైలు సగంలో తెగి దిగి ఉండొచ్చు.

పని ముగిశాక అన్‌మౌంట్ మరిచిపోకూడదు. బూట్ వరుసలో డీవీడీ ముందుంటే తర్వాతి రీబూట్‌లో ఇన్‌స్టాలర్ మొదటి తెర మళ్లీ ప్రత్యక్షమవుతుంది. షేర్ పాస్‌వర్డ్ బీఎంసీ సెట్టింగుల్లో నిలిచిపోవచ్చు కాబట్టి, షేర్ ఖాతాకు ఆ ఒక్క ఫోల్డర్‌ను చదివే హక్కు మాత్రమే ఇచ్చి, చివర్లో ఆ ఖాతాను తీసేయాలి.