దెబ్బ తాను తిని కాపాడే హీరో!

మొన్న ఓ షూటింగులో లంచ్ బ్రేక్. మేకప్ రూమ్ గడప దగ్గర పల్లీల పొట్లం విప్పుకుని కూచున్నాను. గ్రూప్ డాన్సుల్లో కొత్తగా చేరిన అమ్మాయి హాండ్‌బాగ్‌లోంచి ఆకుపచ్చ కాప్స్యూల్ తీసి గుటుక్కున మింగింది.

"విటమిన్ ఇ అండీ! స్కిన్‌కి మెరుపు! పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అంది.

"డాక్టర్ రాశారా?"

"అబ్బే, ఫ్రెండ్ చెప్పింది!"

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇలాంటి మాటే విని, పోయినేడాది నేనూ ఆరు నెలలు మింగినవాణ్ణే! మెరుపు రాలేదు సరికదా, పన్ను పీకించుకోబోతే "ముందు ఆ కాప్స్యూల్స్ ఆపు" అన్నాడు డాక్టరు. మోతాదు మించితే రక్తం త్వరగా గడ్డకట్టదట!

ఇంతకీ ఎవరీ విటమిన్ ఇ? 1922లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ కనిపెట్టారు. అది లేని తిండి తిన్న ఎలుకలకి గర్భం నిలవలేదు. అందుకే తర్వాత 'టోకోఫెరాల్' అని పేరు పెట్టారు. గ్రీకులో సంతానాన్నిచ్చేది అని అర్థం. అందాన్నిచ్చేది అని కాదు సుమా!

ఇక అసలు కథ. మన కణాల గోడల్లో కొవ్వు వుంటుంది. జోడు తప్పిన ఎలక్ట్రాన్‌తో తిరిగే ఫ్రీ రాడికల్ అనే విలన్, ఓ కొవ్వు అణువు మీద పడి హైడ్రోజన్ లాక్కుంటాడు. దోపిడీకి గురైన ఆ అణువు ఆక్సిజన్‌ని తోడు చేసుకుని, తనే విలనై పక్కదాని మీద పడుతుంది. అలా గొలుసు! పాత నూనె వాసన కొట్టడం వెనకా ఇదే కథ.

సరిగ్గా అప్పుడే హీరో ఎంట్రీ! "నాది తీసుకో" అంటూ విటమిన్ ఇ తన హైడ్రోజన్ ఇచ్చేస్తుంది. తనూ రాడికల్‌గా మారుతుంది గాని నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ అంతగా పోడు. గొలుసు తెగిపోతుంది! గాయపడ్డ హీరోని విటమిన్ సి వచ్చి మళ్లీ లేపుతుంది.

మరి పది మంది హీరోలుంటే ఇంకా మంచిదేగా? కాదు! అమెరికా లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకి 15 మిల్లీగ్రాములు చాలు. 2011లో వెలువడిన అక్కడి పరిశోధనలో రోజూ 400 యూనిట్లు మింగిన మగవాళ్లలో, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకంటే ప్రోస్టేట్ కాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. "అయితే దేన్లో వుంటుందండీ అది?" అంది.

"బాదంపప్పులో, పొద్దుతిరుగుడు నూనెలో... ఇదిగో, ఈ పల్లీల్లో కూడా!"

"షాట్ రెడీ!" అని కేక. కాప్స్యూల్స్ బాగులో పడేసి, నా పొట్లం లాక్కుని సెట్లోకి ఒకటే పరుగు!