నెట్ వస్తోంది... వీపీఎన్ కలవడం లేదు!
ఒక్క ప్రోగ్రాంకే ఇంటర్నెట్ అందకపోతే లోపం ఎక్కడ?
మూడు పరీక్షలతో తేల్చుకోవచ్చు
తొందరపడి 'రీసెట్' చేస్తే అసలుకే ముప్పు

మాదాపూర్: బ్రౌజర్‌లో వార్తలు తెరుచుకుంటాయి. యూట్యూబ్‌లో పాట ఆగకుండా నడుస్తుంది. కార్యాలయ వీపీఎన్ మాత్రం కలవదు. మెయిల్ ప్రోగ్రాం 'కనెక్ట్ అవుతోంది' అంటూ అక్కడే నిలిచిపోతుంది. ఆన్‌లైన్ సమావేశంలో బొమ్మ కనిపిస్తుంది గానీ మాట వినిపించదు. సర్వీసు ప్రొవైడర్‌కు ఫోన్ చేస్తే 'మా వైపు నెట్ బాగానే ఉంది' అన్న సమాధానం వస్తుంది. కార్యాలయంలో అడిగితే 'మిగతా అందరికీ పనిచేస్తోంది' అంటారు. విచిత్రమేమిటంటే ఇద్దరు చెప్పేదీ నిజమే కావచ్చు.

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ ప్రాంతాల్లో ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులకు ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. హాస్టల్ గదుల్లో ఉంటూ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకు హాజరయ్యే నిరుద్యోగులదీ ఇదే పరిస్థితి. షిఫ్టుకు వేళకు లాగిన్ కాకపోతే ఆ రోజు సెలవు కింద పోవచ్చు. ఇంటర్వ్యూ సమయం దాటితే అవకాశమే చేజారవచ్చు. ఆ ఆందోళనలో కొందరు విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తున్నారు, మరికొందరు కొత్త రూటర్ కొంటున్నారు. అసలు లోపం ఒక చిన్న సెట్టింగులో ఉంటే ఈ రెండూ వృథాయే. ఒక్క ప్రోగ్రాం మాత్రమే ఆగినప్పుడు ముందుగా చేయవలసింది మరమ్మతు కాదు, లోపం ఎవరి వైపు ఉందో తేల్చుకోవడం.

ఇళ్లే కార్యాలయాలైన వేళ

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయీ సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఈ సమస్యలను కార్యాలయంలోని నెట్‌వర్క్ విభాగమే చూసుకునేది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆ పరిస్థితి మారింది. ఇంటి నుంచి పనిచేసేందుకు వీలుగా కేంద్ర టెలికం శాఖ మార్చి 13న నిబంధనలను తాత్కాలికంగా సడలించింది. అదే ఏడాది నవంబరులో వాటిని శాశ్వతంగా సరళీకరించింది. కార్యాలయంలో ఒక బృందం చూసే పని ఇంటింటా ఉద్యోగి మీదే పడింది.

సరిగ్గా ఆ నెలలోనే విండోస్ 10లో ఒక లోపం బయటపడింది. ఫిబ్రవరి చివరలో విడుదలైన అప్‌డేట్ తర్వాత, ప్రాక్సీ వాడుతున్న కంప్యూటర్లలో, ముఖ్యంగా వీపీఎన్ కూడా ఉన్నవాటిలో, 'ఇంటర్నెట్ లేదు' అని కనిపించే అవకాశం ఏర్పడింది. టీమ్స్, అవుట్‌లుక్, ఆఫీస్ 365 వంటి ప్రోగ్రాంలు నెట్‌ను అందుకోలేకపోవచ్చని మైక్రోసాఫ్ట్ స్వయంగా అంగీకరించింది. మార్చి 30న ప్రత్యేక సవరణ విడుదల చేసింది. తీగలో గానీ రూటర్‌లో గానీ ఏ లోపమూ లేకుండానే కొన్ని ప్రోగ్రాంలు మాత్రమే ఆగిపోగలవని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

తీగ ఒకటే... ద్వారాలు వేరు

కేబుల్ తెగితే అన్నీ ఆగిపోతాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత దుర్ఘటన అనంతరం విద్యుత్ స్తంభాలపై కేబుళ్లను తొలగించినప్పుడు నగరంలో పలు ప్రాంతాల్లో ఇంటర్నెట్ మొత్తంగా నిలిచిపోయింది. ఒక్క ప్రోగ్రాం మాత్రమే ఆగడం అలాంటిది కాదు. గేటెడ్ కాలనీకి రోడ్డు ఒకటే ఉన్నా, పాలవాడిని లోపలికి పంపిన కాపలాదారు కొరియర్ కుర్రవాడిని ఆపవచ్చు. అప్పుడు రోడ్డును తవ్వి ప్రయోజనం లేదు, గేటు దగ్గర విచారించాలి.

కంప్యూటర్‌లోనూ అంతే. ఒక్కో ప్రోగ్రాం 'పోర్టు' అనే ఒక్కో సంఖ్య గల ద్వారం గుండా వెళుతుంది. వెబ్‌సైట్లకు 80, 443 పోర్టులు. మెయిల్ అందుకునేందుకు 993, పంపేందుకు 587 లేదా 465. ఐపీసెక్ తరహా వీపీఎన్‌కు 500, 4500. రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389. బ్రౌజర్ పనిచేస్తోందంటే 443 తెరిచి ఉందని మాత్రమే అర్థం. మిగతా ద్వారాల సంగతి దానితో తేలదు.

మాటలు, వీడియోలు ప్రయాణించే పద్ధతి కూడా వేరు. యూట్యూబ్ కొన్ని సెకన్ల వీడియోను ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో సిగ్నల్ తడబడినా చూసేవారికి తెలియదు. సమావేశంలో మాటను అలా దాచుకోవడం కుదరదు, ఆ క్షణానికే చేరాలి. అందుకే వైఫై బలహీనంగా ఉంటే పాట బాగానే వినిపిస్తుంది, మీటింగ్ మాత్రం ముక్కలవుతుంది. ఒకే వైఫైని పదుల మంది పంచుకునే హాస్టళ్లలో ఇది మరీ ఎక్కువ. ఇంటర్వ్యూ ఉన్న రోజున కంప్యూటర్‌ను ల్యాన్ తీగతో నేరుగా రూటర్‌కు కలపడం మంచిది.

ముందు ఈ మూడు పరీక్షలు

ఏ సెట్టింగునూ మార్చకుండా, పది నిమిషాల్లో ఈ మూడూ పూర్తి చేయవచ్చు.

* మొదటిది: అదే కంప్యూటర్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి అదే ప్రోగ్రాంను తెరవాలి. పనిచేస్తే లోపం ఇంటి రూటర్ వైపు లేదా ప్రొవైడర్ వైపు ఉన్నట్లు. అక్కడా పనిచేయకపోతే కంప్యూటర్‌నో, ప్రోగ్రాంనో, అవతలి సర్వర్‌నో అనుమానించాలి.

* రెండోది: ఇంటి వైఫైపైనే మరో కంప్యూటర్‌లో లేదా ఫోన్‌లో అదే ప్రోగ్రాంను తెరవాలి. అక్కడ పనిచేస్తే లోపం మొదటి కంప్యూటర్‌లోనే.

* మూడోది: వేరే ప్రాంతంలో ఉన్న సహోద్యోగిని అడగాలి. వారికీ ఆగిపోతే సర్వర్‌లోనే లోపం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటల పాటు ప్రపంచమంతటా నిలిచిపోయాయి. ఆ రాత్రి రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండేది కాదు.

లోపం బ్రౌజర్‌లోనే ఉండవచ్చు కూడా. 2022 జనవరి 13న ఫైర్‌ఫాక్స్‌లో ఏ పేజీ కూడా తెరుచుకోక వినియోగదారులు ఇబ్బంది పడ్డారు. అదే కంప్యూటర్లలో ఇతర బ్రౌజర్లు చక్కగా పనిచేశాయి. ఒక బ్రౌజర్ ఆగితే మరొకదానితో చూడటం అందుకే అవసరం.

లోపం కంప్యూటర్‌లో ఉంటే...

* తేదీ, సమయం: సురక్షిత కనెక్షన్‌కు సర్టిఫికెట్ కావాలి, దానికి గడువు ఉంటుంది. గడియారం తప్పితే ఆ సర్టిఫికెట్ చెల్లదు. బ్రౌజర్ హెచ్చరిక చూపుతుంది, చాలా ప్రోగ్రాంలు కారణం చెప్పకుండానే ఆగిపోతాయి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డుపై ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోతే తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఫోన్‌లోని అథెంటికేటర్ కోడ్‌ను వీపీఎన్ తిరస్కరిస్తుంటే ఫోన్ గడియారాన్ని కూడా సరిచూడాలి. ఆ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి సమయాన్ని బట్టి మారుతుంది.

* ప్రాక్సీ: విండోస్ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' విభాగంలో ఇది ఉంటుంది. పాత కార్యాలయపు ప్రాక్సీ చిరునామా అక్కడే మిగిలిపోయి ఉండవచ్చు, లేదా హానికర సాఫ్ట్‌వేర్ మార్చి ఉండవచ్చు. క్రోమ్, ఎడ్జ్ విండోస్ ప్రాక్సీనే అనుసరిస్తాయి. ఫైర్‌ఫాక్స్‌కు సొంత సెట్టింగు ఉంది. ఒకటి పనిచేసి మరొకటి ఆగడానికి ఇదీ ఒక కారణం.

* ఫైర్‌వాల్, యాంటీవైరస్: ప్రోగ్రాం మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే 'అనుమతించాలా?' అన్న ప్రశ్నకు పొరపాటున 'వద్దు' అని నొక్కితే కొన్ని పనులకు దారి మూసుకుపోతుంది. విండోస్ సెక్యూరిటీలోని ఫైర్‌వాల్ జాబితాలో ఆ ప్రోగ్రాం పేరును వెతికి అనుమతి ఇవ్వాలి. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయడం పరిష్కారం కాదు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఉంటే ఒకటి తొలగించాలి.

* డీఎన్ఎస్: వెబ్‌సైట్ పేరును సంఖ్యా చిరునామాగా మార్చే వ్యవస్థ ఇది. నేటి బ్రౌజర్లు సొంత సురక్షిత డీఎన్ఎస్‌ను వాడగలవు. ప్రొవైడర్ డీఎన్ఎస్ మొరాయించినా బ్రౌజర్ నడిచి ఇతర ప్రోగ్రాంలు ఆగడం అందువల్లే. సొంత కంప్యూటర్ అయితే 8.8.8.8 లేదా 1.1.1.1 ఇచ్చి పరీక్షించవచ్చు.

* పాత సాఫ్ట్‌వేర్: 2021 సెప్టెంబరు 30న విస్తృత వాడుకలో ఉన్న ఒక మూల సర్టిఫికెట్ గడువు ముగిసింది. దాని స్థానంలో వచ్చిన కొత్త సర్టిఫికెట్‌ను గుర్తించని పాత పరికరాలు, ప్రోగ్రాంలు ఎన్నో సైట్లతో సంబంధం కోల్పోయాయి. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లను తనతోనే ఉంచుకుంటుంది గనుక అదే పాత కంప్యూటర్‌లోనూ నడిచింది. విండోస్ 10కి సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పాత వ్యవస్థపై ఉన్నవారికి ఇలాంటి చిక్కులు పెరగవచ్చు.

రూటర్ వైపు ఉంటే...

మొదట రూటర్‌ను ఆపి, ఒక నిమిషం ఆగి మళ్లీ వేయాలి. అయినా మారకపోతే కింది మూడింటిని గమనించాలి.

* వీపీఎన్ కలుస్తుంది, చిన్న సందేశాలు వెళతాయి, పెద్ద ఫైలు మాత్రం సగంలో ఆగుతుంది. ఇది పొట్లం పరిమాణం సమస్య. ఇంటర్నెట్‌లో సమాచారం సాధారణంగా 1500 బైట్లకు మించని పొట్లాలుగా వెళుతుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్లలో 8 బైట్లు పోయి 1492 మిగులుతాయి. వీపీఎన్ దానిపై మరో కవరు తొడుగుతుంది. పెద్ద పొట్లం ఇరుకు దారిలో పట్టక నిలిచిపోతుంది. 'ఎంటీయూ' అనే విలువను తగ్గిస్తే సరిపోతుంది. కార్యాలయ ఐటీ విభాగాన్ని ఆ మాటే అడగాలి.

* వీపీఎన్ కలిసినా కార్యాలయ సర్వర్ తెరుచుకోదు. ఇంటి రూటర్ 192.168.1తో మొదలయ్యే చిరునామాలు ఇస్తూ, కార్యాలయంలోనూ అవే ఉంటే కంప్యూటర్ ఆ సర్వర్‌ను ఇంట్లోనే వెతుకుతుంది. రూటర్‌లో చిరునామా శ్రేణిని 192.168.50 వంటి వేరొకదానికి మార్చితే తికమక తొలగుతుంది.

* బయటి నుంచి ఇంటి సీసీ కెమెరాను, కంప్యూటర్‌ను నేరుగా చేరలేకపోవడం. సుమారు 430 కోట్ల పాత తరహా ఐపీ చిరునామాల్లో కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న పూర్తిగా పంపిణీ అయిపోయింది. దాంతో ప్రొవైడర్లు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నారు. రూటర్‌లో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ పంపకంలో ఉన్నట్లే. అలాంటప్పుడు ప్రొవైడర్ నుంచి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి.

కంపెనీ ల్యాప్‌టాప్ అయితే...

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ప్రాక్సీ, డీఎన్ఎస్, ఫైర్‌వాల్‌లను సొంతంగా మార్చకూడదు. విండోస్‌లోని 'నెట్‌వర్క్ రీసెట్' నెట్‌వర్క్ అడాప్టర్లను తొలగించి మళ్లీ అమర్చుతుంది. దానివల్ల వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చు, వైఫై పాస్‌వర్డ్‌లు కూడా పోతాయి. కార్యాలయానికి వెళ్లకుండా అవి తిరిగి రాకపోతే ఒక గంటలో పోయే చిక్కు రెండు రోజులకు పెరుగుతుంది.

హెల్ప్‌డెస్క్‌కు 'నెట్ పనిచేయడం లేదు' అని చెప్పడం చాలదు. ఏ ప్రోగ్రాం, ఎన్ని గంటల నుంచి, తెరపై కనిపించిన లోపం సంఖ్య ఏమిటి, హాట్‌స్పాట్‌పై ఏమైంది, అంతకు ముందు ఏ అప్‌డేట్ వచ్చింది... ఈ అయిదూ రాసి పంపితే తొలి ఫోన్‌లోనే దారి దొరికే అవకాశం ఎక్కువ.

అపరిచితుల చేతికి ఇవ్వొద్దు

కంగారులో ఉన్నవారే మోసగాళ్లకు సులువుగా చిక్కుతారు. 'కస్టమర్ కేర్' అని గూగుల్‌లో వెతికితే కనిపించే నంబర్లలో నకిలీవి ఉంటాయి. అవతలివారు మర్యాదగా మాట్లాడి, ఎనీడెస్క్ వంటి రిమోట్ యాప్ వేయించి, తెరను తమ అధీనంలోకి తీసుకుంటారు. ఆ తర్వాత బ్యాంకు ఖాతాకు ఎసరు పెడతారు. ప్రొవైడర్ నంబరును బిల్లు మీద నుంచి లేదా వారి అధికారిక యాప్ నుంచే తీసుకోవాలి. మరమ్మతు పేరిట ఓటీపీ, యూపీఐ పిన్ అడిగితే వెంటనే ఫోన్ పెట్టేయాలి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ముందుగా కంప్యూటర్‌ను నెట్ నుంచి విడదీయాలి. ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే ఆ సొమ్మును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. కంపెనీ ల్యాప్‌టాప్ అయితే కార్యాలయ భద్రతా విభాగానికీ అదే సమయంలో తెలియజేయాలి.