ధరలు రాసే వారికి ఒక లెక్క, గడ్డపార పట్టే వారికి మరో లెక్క

నెలకొకసారి కొన్ని గ్రామాలకు ఒక గణాంక ఉద్యోగి వస్తాడు. కిరాణా కొట్టు ముందు నిలబడి బియ్యం కిలో ఎంత, కందిపప్పు ఎంత, ఎండుమిరప ఎంత అని అడిగి రాసుకుంటాడు. మంగలి అంగడికి పోయి క్షవరానికి ఎంత పుచ్చుకుంటున్నారని అడుగుతాడు. బీడీల కట్ట, బస్సు చార్జీ, కట్టెలు, పంచె, చీర... దేన్నీ వదలడు. ఏదీ కొనడు. పన్నుల శాఖ మనిషేమోనన్న అనుమానంతో కొట్టువారు ధర అటూ యిటూ చేసి చెప్పడం కద్దు.

అతను అడిగే పద్ధతికి ఒక నియమం వుంది. ఏ నెలకానెల అదే కొట్టు, అదే రకం సరుకు, అదే తూకం. పోయిన నెల సోనా మసూరి అడిగి యీ నెల లావు బియ్యం అడిగితే లెక్క చెడిపోతుంది. పెరిగింది ధరా, మారింది సరుకా అన్నది తేలదు. పడి, సేరు వంటి కొలతలతో అమ్మేచోట వాటిని కిలోల్లోకి మార్చి రాసుకోవాలి. కవరు మీద అచ్చువేసిన ధర కాదు, కొట్టులో అమ్ముతున్న ధర కావాలి. ఒకప్పుడు కాగితాల కట్ట పట్టుకు తిరిగేవారు, యిప్పుడు చేతిలో ట్యాబు వుంటోంది. అంతే తేడా.

ఈ ధరలతోనే కేంద్ర లేబర్ బ్యూరో వ్యవసాయ కార్మికుల వినియోగ ధరల సూచి తయారు చేస్తుంది. ఉపాధి హామీ కూలిని 2011 నుంచి యేటా యీ సూచిని బట్టే పెంచుతూ వచ్చారు. అంటే పల్లె కొట్టులో చెప్పిన ధర తిరిగి తిరిగి పల్లె కూలివారి దినకూలిలోకే వస్తుందన్నమాట. ధర రాసుకు వెళ్లిన ఉద్యోగి జీతానికి మాత్రం దీనితో సంబంధం లేదు. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం పారిశ్రామిక కార్మికుల ధరల సూచి మీద ఆధారపడింది. దానికి ధరలు సేకరించేది పట్టణాల్లో, పారిశ్రామిక కేంద్రాల్లో.

రెండు సూచులూ నిజాయితీగా నడిస్తే ఎవరి న్యాయం వారికి జరగాలి. కూలివారి సూచికి మాత్రం చాలా కాలం ఒక తెగులు పట్టుకుంది. కూలి కుటుంబం వంద రూపాయల్లో దేనికి ఎంత ఖర్చు పెడుతుందన్న అంచనా 1983 నాటి సర్వేది. దాని ప్రకారం దేశం మొత్తం మీద వందలో 69 రూపాయలు తిండికే. అది ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పెట్టిన సంవత్సరం. పల్లెలో సెల్‌ఫోను లేదు, రీచార్జి లేదు. పిల్లలను యింటి ముందుకొచ్చే బడి బస్సు ఎక్కించడం కూడా లేదు. ఆ తూకాలతోనే 2025 మే వరకు సూచి లెక్కగట్టారు. ఆర్థికవేత్త ఎస్. మహేంద్రదేవ్ అధ్యక్షతన కేంద్రమే వేసిన కమిటీ దీన్ని వదలి గ్రామీణ ధరల సూచిని తీసుకోవాలని చెప్పినా పట్టించుకోలేదు.

2025 జూన్ నుంచి 2019 ఆధార సంవత్సరంగా కొత్త సూచి వచ్చింది. ఊళ్లు 600 నుంచి 787కు పెరిగాయి. ఖర్చుల తూకం మాత్రం 2011-12 సర్వే నుంచి తీసుకున్నారు. స్మార్టుఫోను యింటింటికీ రాకముందటి లెక్క అది! నలభై యేళ్ల పాతదాని బదులు పద్నాలుగేళ్ల పాతది చేతికిచ్చారు.

పెరుగుదల ఒకటే, మరి తేడా ఎక్కడ?

ఇక్కడ ఒక విచిత్రం వుంది. 2016-17లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి రోజుకు రూ. 194. 2025-26లో రూ. 307. నూటికి 58 పెరిగింది. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం 2016 జనవరిలో సున్నా, 2025 జులై నాటికి సరిగ్గా 58 శాతం! నడిచిన దారులు వేరు. కూలి 2017లో మూడు రూపాయలు పెరిగితే 2020లో 26, 2024లో 28, 2025లో ఏడు పెరిగింది. ఉద్యోగుల భత్యాన్ని కరోనా కాలంలో 18 నెలలు ఆపేశారు. అయినా చివరకు చేరింది ఒకే చోటికి. కాబట్టి ఉద్యోగికి ధరల సూచి పెట్టి, కూలివారికి పెట్టలేదన్న ఫిర్యాదు నిలవదు.

తేడా సూచి బయట వుంది. కేంద్ర సర్వీసులో జూనియర్ గణాంక అధికారి మూలవేతనం రూ. 35,400తో మొదలవుతుంది. యేటా మూడు శాతం ఇంక్రిమెంటు కలుస్తుంది. తొమ్మిది ఇంక్రిమెంట్లు దాటేసరికి మూలవేతనం రూ. 46,200. దాని మీద 2025 జులై నాటి 58 శాతం కరువు భత్యం రూ. 26,796 కలిపితే రూ. 72,996. రూ. 35,400తో చేరినవారు తొమ్మిదేళ్లకు రెట్టింపు దాటినట్టే. పైగా పదేళ్లకో వేతన సంఘం.

గడ్డపార పట్టేవారికి ఇంక్రిమెంటు లేదు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీని ప్రారంభించారు. ఆ యేడు మస్టరులో పేరు ఎక్కించుకున్న మనిషికీ, నిన్న కొత్తగా జాబు కార్డు తీసుకున్న మనిషికీ కూలి రేటు ఒకటే. ఆ రూ. 307 అయినా కొలతకు తగ్గ మట్టి తీస్తేనే. ఎండాకాలం గట్టి నేలలో కొలత పడకపోతే అంతకంటే తక్కువే చేతికి వస్తుంది. 2025-26లో నూరు రోజులూ నిండుగా పడినా కుటుంబానికి యేడాదికి రూ. 30,700. కొత్తగా చేరిన గణాంక అధికారి ఒక్క నెల మూలవేతనానికి యిది ఇంకా రూ. 4,700 తక్కువ.

ఊరిని బట్టి ఖర్చు మారుతుందన్న సంగతి సర్కారుకు తెలియనిది కాదు. ఉద్యోగి విషయంలో బాగానే తెలుసు. ఇంటి అద్దె భత్యం హైదరాబాదులో మూలవేతనంలో 30 శాతం. విజయవాడ, విశాఖ, గుంటూరు, నెల్లూరు, వరంగల్లుల్లో 20. అనంతపురం వంటి పట్టణాల్లో 10. అంటే రూ. 35,400 మీద హైదరాబాదులో రూ. 10,620, అనంతపురంలో రూ. 3,540. కూలివారికి రాష్ట్రమంతా ఒకే రేటు. విశాఖ పొలిమేర పల్లె అయినా, నార్పల మండలం మారుమూల పల్లె అయినా 2025-26లో 307 రూపాయలే. బస్సు దూరం, బాడుగ, నీళ్ల క్యాను ఖర్చు ఎవరిది వారే పడాలి.

గణాంక ఉద్యోగులందరూ ఒక్క తీరుగా లేరన్నది కూడా చెప్పుకోవాలి. ఊళ్లు తిరిగి వివరాలు రాసేవారిలో ఒప్పంద పద్ధతి మీద తీసుకున్నవారున్నారు. మొత్తంగా యింత అని మాట్లాడిన జీతమే గానీ అలాంటివారికి కరువు భత్యం పెరుగుదల వుండదు. కందిపప్పు ధర పెరిగిందని నమోదు చేసి, ఆ పెరిగిన ధరకే కందిపప్పు కొనుక్కుని యింటికి పోతారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. పనిదినాలు నూరు నుంచి 125కు పెంచారు. కూలి రేటు ప్రకటించే అధికారం మాత్రం కేంద్రం చేతిలోనే వుంచారు.

ధరలు అడగడానికి వచ్చినవారికి కొట్టువారు చెప్పే వివరాలు పన్నుల శాఖకు వెళ్లవు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం వాటిని గణాంక అవసరాలకు తప్ప వాడరాదు. భయపడి పది రూపాయలు తగ్గించి చెప్పినందువల్ల కొట్టుకు ఒరిగేదేమీ లేదు. ఆ తగ్గింపు సూచిలో పడుతుంది, అదే కొట్టులో సరుకులు కొనే కూలివారి రేటులో తేలుతుంది. నగదుకు అమ్మిన ధర ఏదో అదే చెప్పాలి. సరుకు రకం మారితే ఆ మాట కూడా చెప్పాలి.