గొలుసుకట్టులో చిక్కిన స్నేహితుడు

చాలాకాలంగా పలకరించని మిత్రుడు ఫోన్ చేసి, "నువ్వు బ్యాంకులో ఉన్నావు కదా, నీకు ఇట్టే అర్థమవుతుంది" అంటూ ఏదో యాప్ గురించి చెబుతున్నాడంటే, అతనికి మన డబ్బుకంటే మన పేరే ఎక్కువ అవసరమని గ్రహించాలి. "మావాడు బ్యాంకు ఆఫీసరు, వాడూ చేరాడు" అన్న ఒక్క మాటతో పదిమందిని చేర్చవచ్చు. అందుకే మొహమాటానికి కూడా "చూద్దాంలే" అనకూడదు.

అలాగని "నువ్వు మోసపోయావు" అని ముఖం మీదే అంటే అతను మరింత బిగుసుకుంటాడు. అప్పటికే బావమరిదినీ, పక్కింటివాళ్లనూ చేర్చి ఉంటాడు. మోసమని ఒప్పుకుంటే డబ్బుతోపాటు వాళ్ల దగ్గర తన మాటా పోతుంది. అతని మొండితనానికి ఆశకన్నా ఈ భయమే అసలు కారణమని నా అభిప్రాయం.

వాదన మాని, కాగితం మీద లెక్క వేయించడం మేలు. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలంటే అంచెలు 5, 25, 125గా పెరిగి, పదో అంచెలో 97 లక్షలు దాటుతాయి. పన్నెండో అంచెకు 24 కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభాయే సుమారు ఎనిమిదిన్నర కోట్లు! చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. ఈ గొలుసు ఏ అంచెలో తెగినా, చేరిన ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు చిట్టచివరి అంచెలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. నడిపేవాడు ఎంత మంచివాడైనా ఈ లెక్క మారదు.

ఆ తర్వాత, "యాప్‌లో కనిపించేది సరే, నీ ఖాతాలోకి ఎంత వచ్చింది?" అని అడగండి. మొదట్లో చిన్న మొత్తాలు వచ్చే ఉంటాయి, నమ్మకం కుదిరేది వాటితోనే. పెద్ద మొత్తం తీయబోతే "ముందు పన్ను కట్టండి" అంటారు. ఆ పన్ను కోసం అప్పు అడిగితే ఇవ్వకండి. ఇంటి ఖర్చుకు అడిగితే అది వేరే విషయం.

1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ప్రకారం నడపడమే కాదు, సభ్యుడిగా చేరడం, అందుకోసం డబ్బు పుచ్చుకోవడం, పంపడం కూడా నేరమే. మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. "మాది డైరెక్ట్ సెల్లింగ్" అన్న సమాధానమూ చెల్లదు, 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. (రిజిస్టరైన చిట్‌ఫండ్ వేరు. రెండింటినీ ఒకే గాటన కడితే మన మాటకు విలువ పోతుంది.) అన్నిటికన్నా బాగా పనిచేసేది ఖాతా సంగతి. చేర్చినవాళ్ల సొమ్ము తన ఖాతాలో యూపీఐ ద్వారా వేయించుకుని పైకి పంపుతుంటే, ఫిర్యాదు వచ్చాక ముందు స్తంభించేది అతని ఖాతాయే. జీతం అందులోనే, ఇంటి లోను ఈఎంఐ అందులోంచే.

అతను ఒప్పుకున్న రోజున ఆలస్యం చేయకూడదు. యాప్ మాయమయ్యేలోగా స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్లు భద్రం చేయించి, 1930కి ఫోన్ చేయించండి. రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టించవచ్చు. ఆ బావమరిదికి చెప్పడానికి వెళ్లేటప్పుడు మీరూ తోడు వెళ్లండి.