ఐదు పడవల ప్రయాణం

రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దంటారు పెద్దలు. ఐదు పడవల మీద పెట్టి ఒడ్డు చేరడం ఎలాగన్నదే ఈ వ్యాసం విషయం.

2004లో విడుదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆన్‌లైన్ ఆట మిత్రుల్లో చాలామందికి తెలిసిందే. అందులో గుహల్లోకి దిగే జట్టుకు ఐదుగురు. శత్రువు దెబ్బలన్నీ తనమీద వేసుకునేవాడు 'టాంక్'. అతని గాయాలు మాన్పేవాడు 'హీలర్'. మిగిలిన ముగ్గురి పని కొట్టడమే. హాస్టల్లో మేం ఐదుగురం కలిసి ఆడేవాళ్ళం. చదువులు ముగిసి నలుగురూ నాలుగు ఊళ్ళు పట్టారు. మిగిలిన నేను ఐదు ఖాతాలు తెరిచి, ఐదు పాత్రలనూ ఒక్కణ్ణే నడపసాగాను. దీన్నే 'మల్టీబాక్సింగ్' అంటారు.

ఇందులో కొట్టడం సులువు. గురి ఒక్కటే కదా! టాంక్ ఎవరిమీద పడితే మిగతావాళ్ళూ వాడిమీదే పడేలా 'అసిస్ట్' మాక్రో రాసుకుంటే చాలు. వైద్యం అలా కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత? ప్రతిసారీ ఈ మూడు ప్రశ్నలూ ఎదురవుతాయి.

'ఎవరికి' అన్నదానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. హీలర్ కిటికీలో టాంక్‌ను 'ఫోకస్'గా పెట్టుకుని, వైద్యమంత్రం నేరుగా అతనికే చేరేలా మాక్రో రాసుకోవాలి. అప్పుడు వెతుక్కునే పని ఉండదు.

'ఎప్పుడు' అన్నది లెక్క. టాంక్ ప్రాణం 10,000 అనుకుందాం. సెకనుకు 1,000 పోతోంది. మంత్రానికి 2.5 సెకన్లు పడుతుంది, 4,000 ఇస్తుంది. 9,500 దగ్గర మొదలుపెడితే 1,000 వృథా. 7,000 దగ్గరైతే 4,500కు దిగి 8,500కు చేరతాడు. 2,000 దాకా ఆగారో, మంత్రం పూర్తికాక మునుపే మనిషి పోతాడు. అంటే, గాయం చూసి కాదు, రాబోయే గాయం చూసి వైద్యం చెయ్యాలన్నమాట.

ఇక 'ఎంత'. చిన్న గాయాలకు 'రిన్యూ'లాంటి మెల్లగా మాన్పే మంత్రం వేసి వదిలేస్తే, అది తన పని తాను చేస్తుంటుంది. ఆ వ్యవధిలో మరో కిటికీ చూసుకోవచ్చు. అందరికీ దెబ్బ తగిలితే జట్టంతటికీ పనిచేసే 'ప్రేయర్ ఆఫ్ హీలింగ్' వాడాలి. ఒకటి మాత్రం మరవకండి: వైద్యం చేసేవాడి మీద శత్రువుకు కోపం పెరుగుతుంది. టాంక్ శత్రువులను పూర్తిగా తనవైపు తిప్పుకోకముందే తొందరపడితే దెబ్బలు హీలర్‌కే.

ఒక మీట నొక్కితే అన్ని కిటికీలకూ చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను బ్లిజార్డ్ సంస్థ 2020 నవంబరులో నిషేధించింది. కనుక ప్రతి కిటికీకీ వేరుగా నొక్కాల్సిందే. నా పద్ధతి ఒక్కటే: ముందు హీలర్ కిటికీ, తర్వాతే మిగతావి.

ఇది నేర్చుకున్నది ఓడిపోయే. ఒకరాత్రి కొట్టే ఉత్సాహంలో హీలర్ని మరిచాను. టాంక్ కూలాడు, వెనకే నలుగురూ. హీలర్ దగ్గర మంత్రశక్తి నిండుగా ఉంది. వాడమనే మనిషే లేడు. మా హాస్టల్ రోజుల్లో హీలర్‌గా ఆడిన మిత్రుణ్ణి "నీకేం పని, ఊరికే వెనక నిలబడతావు" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో!

ఆ రాత్రే వాడికి ఫోన్ చేశాను. "ఇప్పటికి తెలిసిందిరా?" అన్నాడు.