తపాలా గుమాస్తా ల్యాంప్‌మన్ కవిత్వం

1989లో కెనడాలో ఒక కవి పేర తపాలా బిళ్ల వెలువడింది. ఆ కవి పదహారేళ్లపాటు తపాలా శాఖలోనే గుమాస్తా అని చెబితే మీకు చిరునవ్వు రావచ్చు.

ఆర్చిబాల్డ్ ల్యాంప్‌మన్ 1861లో ఆంటారియో ప్రాంతంలోని మోర్పెత్ అనే పల్లెలో, ఒక క్రైస్తవ మతగురువు ఇంట పుట్టారు. చిన్ననాడు సోకిన కీళ్లవాతపు జ్వరం ఆయన గుండెను దెబ్బతీసింది. టొరంటోలో చదివే రోజుల్లో, 1881లో, చార్లెస్ రాబర్ట్స్ అనే కెనడా యువకుడి కవితా సంపుటి చేతికందింది. మన దేశంలో పుట్టినవాడు ఇంత చక్కగా రాశాడా అన్న ఆనందంతో ఆ రాత్రి ఆయనకు నిద్రే రాలేదు. కవిత్వమంటే ఇంగ్లండునుంచి ఓడలో దిగే సరుకేనని అక్కడివారు అనుకునే కాలమది మరి!

1883లో ఒట్టావాలో కొలువు. పగలంతా ఆఫీసు కాగితాలు, తీరిక దొరికితే ఊరి చుట్టూ పొలాల్లో, అడవుల్లో నడక. ఆయన కవితల్లో మహాపర్వతాల కోసం వెతక్కండి. మండుటెండలో మెల్లగా మెట్ట ఎక్కే బండి, కప్పల అరుపులు, మంచుమీద సాయంకాలపు వెలుగు, ఇవే కనిపిస్తాయి. కళ్లారా చూసినదే రాయడం ఆయన బలమని నాకనిపిస్తుంది.

1888లో మొదటి సంపుటి 'అమాంగ్ ద మిల్లెట్' సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నారు. కొర్రచేల నడుమ అనుకోండి, మనకు తెలిసిన పేరే! భార్యకు సంక్రమించిన సొమ్ము అందుకు ఆదుకుంది.

మూడో సంపుటి అచ్చులో ఉండగానే, 1899 ఫిబ్రవరి 10న, ముప్ఫై ఏడేళ్లకే ఆ బలహీనపు గుండె ఆగిపోయింది. మిత్రుడు డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్ ఆ సంపుటిని పన్నెండు ప్రతులు మాత్రం వేయించి, 1900లో ఆయన కవితలను ఒక పెద్ద గ్రంథంగా కూర్చారు. దానిమీద వచ్చిన డబ్బు ఆయన భార్యాబిడ్డల కోసం.